రెండు వేళ్ళ వెలితి

సైన్సక్క సంచి సర్దుకుంటోంది. వంటపెద్దమ్మ గుమ్మంలో నిలబడి చూస్తోంది.

ఊరికే చూడడం కాదు. "బడి సామాను ఏదీ పొరపాటున వెళ్ళిపోకుండా కాస్త దగ్గరుండి చూడు" అని పెద్ద టీచరు పంపితే వచ్చింది. పొరపాటున అన్న మాటను ఆవిడ ఎంత ఒత్తి పలికిందో వంటపెద్దమ్మ విన్నది. వరండాలో ఉన్న సైన్సక్కా విన్నది. అందుకే ఆ అమ్మాయి ప్రతి వస్తువునూ చేతిలోకి తీసుకుని, గుమ్మం వైపు ఒకసారి ఎత్తి చూపించి, ఆ తరవాతే సంచిలో పెడుతోంది. దువ్వెన ఎత్తి చూపించింది. తువ్వాలు దులిపి చూపించింది. మేజోళ్ళ జత విప్పి, లోపల ఏమీ లేదన్నట్టు తిరగేసి మరీ చూపించింది.

పెద్దమ్మకు సిగ్గేసింది. అయినా చూపు తిప్పుకోలేదు.

సెలవు నాలుగు రోజులే. అమ్మకు ఒంట్లో బాగాలేదని చీటీ రాసిచ్చింది. మరి నాలుగు రోజులకు ఉన్ని కోటు దేనికి? ఎండలు ముదిరి గోడలు సెగలు కక్కుతున్నాయి. మంచం మీద పరిస్తే సగం మంచం ఆక్రమించిన ఆ కోటును సైన్సక్క మడిచి, మళ్ళీ మడిచి, మోకాలితో అదిమి, పలకంత మందం చేసి సంచి అడుగుకు తోసింది. గోడ మేకుకు ఉండవలసిన చిన్న అద్దం లేదు. కిటికీలో సబ్బుపెట్టె లేదు. అవన్నీ తను రాకముందే లోపలికి వెళ్ళిపోయాయని పెద్దమ్మకు అర్థమైంది.

చివరికి బల్ల సొరుగులోంచి గుప్పెడంత ఎండిన ముద్ద ఒకటి తీసింది సైన్సక్క. దానికి దారంతో ఒక కాగితం ముక్క కట్టి ఉంది.

"ఇది బడి సామానే కదా పెద్దమ్మా?"

సైన్సక్క నాలుగడుగులు నడిచి వచ్చి ఆ ముద్దను ఆమె అరచేతిలో పెట్టి, మళ్ళీ వెళ్ళి మంచం దగ్గర నిలబడింది. పెద్దమ్మ దాన్ని ఏప్రను జేబులో వేసుకుంది. అదేమిటో ఆమెకు బాగా తెలుసు.

ఎవరైనా సంచి సర్దుతుంటే వంటపెద్దమ్మకు చెల్లెలు గుర్తొస్తుంది. పదమూడేళ్ళ కిందట ఆమె చెల్లెలు కూడా ఈ బడి వంటింట్లోనే పనిచేసేది. ఒకనాడు మర నుంచి చెల్లెలు తెచ్చిన డబ్బాలో పిండి తగ్గింది. అక్క అడిగింది, చెల్లెలు జవాబు చెప్పింది, అక్క నమ్మలేదు. మర్నాడు చెల్లెలు సంచి సర్దుకుని, వారం రోజుల్లో వస్తాలే అక్కా, అని వెళ్ళింది. ఆ తరవాత సరుకుల గది తాళంచెవి పెద్దమ్మ నడుము విడిచి పక్కకు పోలేదు. తగ్గిన సరుకు ఎవరి మీద పడుతుందో ఆమెకు అప్పుడే తెలిసింది. వంటింట్లో ఇద్దరుంటే రెండోవాళ్ళ మీద పడుతుంది. ఒక్కరే ఉంటే ఆ ఒక్కరి మీదే.

ఇప్పుడు వంటింట్లో ఉన్నది ఆమె ఒక్కతే.

అది ముప్ఫై ఇద్దరు పిల్లలు ఉండి చదువుకునే బడి. కింద వంటిల్లు, సరుకుల గది, భోజనాల బల్లలు. పైన తరగతులు, పక్కగా టీచర్ల గదులు. మునుపున్న సైన్సు టీచరు నల్లబల్ల మీద ద్రవ్యరాశి అని రాసి, దాని అర్థం పిల్లలచేత యాభైసార్లు రాయించి, కుర్చీలో కునుకు తీసేవాడు. పెద్దమ్మకు అతని వల్ల ఏ ఇబ్బందీ లేదు. ఈ అమ్మాయి మాత్రం వచ్చిన మొదటి వారమే వంటింటి గడపలో నిలబడి, పాఠం చెప్పాలి, ఒక బ్రెడ్డు ఇస్తారా అని అడిగింది. బ్రెడ్డు తినడానికని పెద్దమ్మ ఇరవై ఆరేళ్ళుగా అనుకుంటోంది.

ఇచ్చింది. మూరెడు బ్రెడ్డు సాయంత్రానికి గుప్పెడు ముద్దై తిరిగొచ్చింది. పిల్లలంతా చుట్టూ చేరి అదిమారట. పొంగి ఉన్నప్పుడు ఎంత తూగిందో ముద్దయ్యాకా అంతే తూగిందట, అది ఆక్రమించే చోటు మాత్రం తగ్గిందట. భోజనాల దగ్గర పిల్లలు ఒకరి మీద ఒకరు పడి ఈ సంగతి చెబుతుంటే పెద్దమ్మ సగం విన్నది. మిగతా సగాన్ని ఆమె అనుమానం విననివ్వలేదు. సగం బ్రెడ్డు ఎవరో తినేశారు, మిగిలింది నలిపి నా మొహాన కొట్టారు, అనుకుంది. ఈ ముద్దను నేనేం చేసుకోను, మీరే ఉంచుకోండి అంది. సైన్సక్క నవ్వి పట్టుకెళ్ళింది.

తరవాత గుప్పెడు మొక్కజొన్న గింజలు తీసుకెళ్ళి గిన్నెడు పేలాలు చేసి తెచ్చింది. ఆ రోజు పెద్దమ్మ ఏమీ అనలేదు. పెరిగితే ఆమెకు పేచీ లేదు.

పేచీ పిండితో వచ్చింది.

పిండి కొలవడంలో పెద్దమ్మకు ఒక పద్ధతుంది. ముందు జల్లిస్తుంది. జల్లించిన పిండిని చేటతో డబ్బాలోకి వదులుగా జారవిడుస్తుంది. అంచు మీద చెక్క బద్ద పెట్టి అడ్డంగా ఒక్క గీటు గీస్తుంది. పైన ఉన్నది పడిపోతుంది, లోపలున్నది డబ్బాడు. ఇన్ని డబ్బాలకు ఇంతమంది పిల్లలు అన్నది ఆమె లెక్క. జల్లించిన పిండి జల్లించినట్టే నీళ్ళు పోసి కలిపేస్తుంది కాబట్టి, కొలిచిన పిండి ఆమె దగ్గర పావుగంట కూడా నిలవుండదు. కొలిచిన డబ్బాను ఎత్తుకుని మెట్లెక్కిన వాళ్ళు సైన్సక్క కంటే ముందు ఎవరూ లేరు.

ఒక సోమవారం సైన్సక్క ఒక డబ్బాడు పిండి అడిగింది, సాయంత్రం తిరిగి ఇచ్చేస్తానంది. ఇచ్చింది కూడా. పెద్దమ్మ మూత తీసి చూసింది. అంచుకూ పిండికీ మధ్య చూపుడువేలు, నడిమివేలు అడ్డంగా పెట్టి చూసుకుంది. సరిగ్గా రెండు వేళ్ళ వెలితి. వేళ్ళ మందాన పిండి లేదు, గాలే.

ఏమీ అనకుండా లోపల పెట్టింది. గురువారం సైన్సక్క మళ్ళీ అడిగింది. ఈసారి పెద్దమ్మ ఆ అమ్మాయి కళ్ళముందే బద్ద గీసి, "నిండుగా ఉంది, చూశారు కదా" అంది. చూశానంది సైన్సక్క. సాయంత్రం మళ్ళీ అదే వెలితి. తరవాతి మంగళవారమూ అంతే. ఒక్క డబ్బాలో రెండు వేళ్ళంటే ఎంతమంది పిల్లల రొట్టెలో పెద్దమ్మ లెక్క కట్టుకుంది. నెలాఖరుకు ఒక పూట పిండి తక్కువపడితే పెద్ద టీచరు ఎవరి మొహం చూస్తుందో కూడా లెక్క కట్టుకుంది.

ఆ పై వారం నాలుగోసారి డబ్బా ఇచ్చి, పొయ్యి తగ్గించి, చెప్పులు విప్పి చేతిలో పట్టుకుని మెట్లెక్కింది. తరగతి కిటికీ పక్కన గోడకు అతుక్కుని నిలబడింది. పిల్లలు బల్ల చుట్టూ గుమిగూడి ఉన్నారు. వాళ్ళ వీపులే కనిపిస్తున్నాయి. మధ్యలోంచి డబ్బాను బల్లకేసి తడుతున్న చప్పుడు, టప్ టప్ టప్ అని, ఆగకుండా వస్తోంది. పెద్దమ్మ చెవి నిక్కించింది. డబ్బా అడుగున తడితే పిండి కింద దేంట్లోకో రాలుతుంది కదా అనుకుంది. చప్పుడు ఆగింది. సైన్సక్క గొంతు వినిపించింది.

"పిండి ఎక్కడికి పోయింది?"

"ఎక్కడికీ పోలేదు!" అన్నారు పిల్లలంతా.

"ఎవరైనా తీశారా?"

"ఎవరూ తియ్యలేదు!"

"మరి ఎవరైనా అడిగితే ఏం చెబుతారు?"

"అంతే ఉందని చెబుతాం!"

తియ్యడం ఒక ఎత్తు. పసివాళ్ళకు అబద్ధం నూరిపోసి, అందరి నోళ్ళతో ఒకే పాట పాడించడం ఇంకో ఎత్తు. ఆ చెప్పులు చేత్తోనే పట్టుకుని నేరుగా పెద్ద టీచరు గదికి వెళ్ళి, చూసింది చూసినట్టు, విన్నది విన్నట్టు చెప్పేసింది.

సైన్సక్కను పిలిపించారు. డబ్బాలో పిండి ఏమవుతోందని పెద్ద టీచరు అడిగితే, ఆ అమ్మాయి వేళాకోళం అనుకుంది. తరగతిలో అన్నట్టే, ఎక్కడికీ పోలేదండీ, అని నవ్వింది. తరవాత ఇద్దరి మొహాలూ చూసింది. నవ్వు ఆగిపోయింది. కావాలంటే ఇప్పుడే చేసి చూపిస్తానంది. పెద్ద టీచరు, చూపించేది తరవాత, ముందు మీ గది చూడాలి అంది. సైన్సక్క నడిచి వెళ్ళి తలుపు తీసి, గోడకు ఆనుకుని నిలబడింది. మంచం కిందికి వంగి చూసింది పెద్దమ్మే. పరుపు ఎత్తి చూసింది పెద్దమ్మే. పిండి లేదు. సొరుగులో ఎండిన బ్రెడ్డు ముద్ద దొరికింది. దానికి కట్టిన కాగితం మీద ఎవరో పిల్ల రాసిన పెద్ద పెద్ద అక్షరాలున్నాయి. ఇది మొత్తం బ్రెడ్డు. సగం కాదు.

అది నిన్న సాయంత్రం జరిగింది. ఈ పొద్దున సెలవు చీటీ వచ్చింది. పదకొండు గంటలకు బస్సు.

పెద్దమ్మ గుమ్మంలో అలా నిలబడి ఉండగానే వెనకనుంచి ఎవరో ఏప్రను పట్టుకుని లాగారు. చూస్తే పిచ్చుక. అది పిల్లలు పెట్టిన పేరు. తొమ్మిదేళ్ళ పిల్ల, ఒక చోట నిలవదు, నోరు మూతపడదు.

"పెద్దమ్మా, ఒక డబ్బాడు పిండి కావాలి."

"పాఠాలన్నీ అయిపోయాయి. వెళ్ళు."

"అందరివీ అయ్యాయి, నాదే అవలేదు. నా జట్టు చేసిన రోజు నాకు జ్వరం కదా, నువ్వే కదా గంజి తాగించావు. అక్క వెళ్ళేలోపల చేసి చెప్పాలి. లేకపోతే నా పేరు పక్కన చుక్క ఉండదు."

పైకి పట్టుకెళ్ళడానికి వీల్లేదంది పెద్దమ్మ. వంటింట్లో, తన కళ్ళముందు చెయ్యాలంది. పిచ్చుక భుజాలెగరేసింది.

"నీ కళ్ళముందే చేస్తాలే. కావాలంటే నా జేబులు కూడా వెతుక్కో. నిన్న మంచం కింద వెతికావట కదా."

పెద్దమ్మకు ఆ మాట ముల్లులా దిగింది. సైన్సక్క తల ఎత్తలేదు. సంచి నోరు రెండు చేతులా దగ్గరికి లాగుతూ ఉంది.

కిందికి వెళ్ళారు. పెద్దమ్మ పిండి జల్లించింది, డబ్బాలోకి జారవిడిచింది, బద్ద గీసింది. పిచ్చుక తరగతి నుంచి ఒక చెక్క హ్యాంగరు తెచ్చింది. దాని రెండు కొసలకూ దారాలతో రెండు మూతలు వేలాడుతున్నాయి. అదే వాళ్ళ త్రాసు. దాన్ని కిటికీ ఊచకు తగిలించి, ఒక మూతలో డబ్బా, ఇంకో మూతలో ఆవరణలో ఏరుకొచ్చిన రాళ్ళు పెట్టింది. ఒక పెద్ద రాయి, మూడు చిన్నవి, ఆఖర్న బఠాణీ గింజంత ఒకటి. హ్యాంగరు అటూ ఇటూ ఊగి సమంగా నిలబడింది.

తరవాత డబ్బా దించి బల్లకేసి మెల్లగా తట్టడం మొదలుపెట్టింది. లెక్కపెడుతూ తట్టింది. పెద్దమ్మ రెప్ప వెయ్యలేదు. పది తట్లకు పిండి అంచు దిగింది. ఇరవైకి ఒక వేలు దిగింది. నలభై అయ్యేసరికి పిచ్చుక ఆపి, తన చిన్న వేళ్ళు కాదని, పెద్దమ్మ చెయ్యి పట్టుకుని ఆమె వేళ్ళే అడ్డంగా పెట్టించింది.

రెండు వేళ్ళు.

పెద్దమ్మ వంగి బల్ల కింద చూసింది. నేల తుడిచినట్టుంది. డబ్బా ఎత్తి అడుగు చూసింది. చిల్లు లేదు. పిచ్చుక అరచేతులు తిప్పి చూసింది. పిచ్చుక ఓపికగా చూడనిచ్చి, డబ్బాను మళ్ళీ మూతలో పెట్టింది. అవే రాళ్ళు. బఠాణీ గింజంత రాయి కూడా అదే. హ్యాంగరు ఊగి ఊగి సమంగా నిలబడింది.

"మరి తగ్గిందేమిటే?" అంది పెద్దమ్మ. గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది.

"చోటు తగ్గింది, పిండి కాదు. నువ్వు జల్లిస్తావు కదా, అప్పుడు మధ్యలో గాలి దూరి కూచుంటుంది. తడితే పిండి దగ్గరదగ్గరగా జరుగుతుంది. మేం నలుగురం బెంచీ మీద విడివిడిగా కూచుంటే బెంచీ నిండిపోతుందా? జరిగి కూచుంటే చివర చోటు మిగులుతుంది. అంతమాత్రాన మాలో ఎవరో తగ్గిపోయినట్టా?"

పెద్దమ్మ డబ్బా ఖాళీ చేసింది. తనే జల్లించి, తనే నింపి, తనే గీసి, తనే తట్టింది. నలభైకి రెండు వేళ్ళు. మళ్ళీ చేసింది. అంతే. పిచ్చుక ఆగలేక, చుక్క పెట్టించుకోవాలని మెట్ల మీదికి పరిగెత్తింది.

బియ్యం కుదిపితే సర్దుకుంటుందని పెద్దమ్మకు తెలియకపోలేదు. బొగ్గులు కుదిపినా అంతే. పిండి విషయంలో అది గుర్తుకు రాలేదు. దొంగ ఎవరో ముందే తెలిసిపోయినట్టు కూచుంది కాబట్టి, ఇంకేదీ గుర్తుకు రాలేదు.

ఆమె బల్ల అంచు పట్టుకుని నిలబడింది. డబ్బా మీద నుంచి ఆలోచన ఇంకో డబ్బాకు పోయింది. ఆ రోజుల్లో పిండి మర నుంచి తోపుడుబండి మీద వచ్చేది. మర దగ్గరే జల్లించి, అంచుదాకా నింపి, మూత బిగించి ఇచ్చేవాళ్ళు. రాళ్ళు తేలిన దారి మీద గంటసేపు ఆ బండి గడగడలాడుతూ వచ్చేది. మామూలుగా పెద్దమ్మే వెళ్ళేది, వచ్చీ రాగానే గంగాళంలో బోర్లించేది, మూత తీసి చూసే పని ఉండేది కాదు. ఆ ఒక్క రోజు కాలు బెణికి చెల్లెల్ని పంపింది. పిండి పని ఎవరి చేతికీ పూర్తిగా వదలడం ఇష్టంలేక, రాగానే మూత తీసి చూసింది. దారిలో ఎవరికి పోశావే, అని అడిగింది.

మర దగ్గర నిండుగా ఉందక్కా, నా కళ్ళతో చూశాను, అంది చెల్లెలు. ఇంకేమీ అనలేదు. అనడానికి దానికీ తెలియదు.

గోడ గడియారం పదిన్నర చూపిస్తోంది. పెద్దమ్మ డబ్బాతో పాటు జల్లెడ, చేట, పిండి పట్టుకుని పెద్ద టీచరు గదికి వెళ్ళింది. ఆవిడ బల్ల మీదే జల్లించి, డబ్బా నింపి, తట్టి చూపించింది. తన తప్పేనని చెప్పింది, ఆ అమ్మాయిని ఇప్పుడే పిలిచి ఒక్క మాట చెప్పమని అడిగింది. పెద్ద టీచరు బల్ల మీద పడిన పిండిని వేలితో ఒక పక్కకు తోసింది. ఇప్పుడు బస్సు వేళకు ఇవన్నీ ఎందుకు, నాలుగు రోజుల్లో వస్తుంది కదా, తీరిగ్గా మాట్లాడతాను అంది.

"రాకపోతే?" అంది పెద్దమ్మ.

"సెలవు చీటీ రాసిచ్చింది వంటమ్మా. రానిదెందుకు రాస్తుంది?"

పెద్దమ్మ బయటికి వచ్చేసరికి సైన్సక్క మెట్లు దిగుతోంది. వెనకాల పిచ్చుక, చుక్క పెట్టించుకున్న పుస్తకం తెరిచి పట్టుకుని అందరికీ చూపిస్తూ వస్తోంది. పెద్దమ్మ ఎదురు వెళ్ళింది. దారిలో కూర్చుకున్న మాటలన్నీ ఎటు పోయాయో పోయాయి.

"పిండి ఎక్కడికీ పోలేదమ్మా" అంది.

సైన్సక్క ఆగింది. ఆమె మొహంలో కోపం ఉంటుందేమోనని పెద్దమ్మ వెతికింది. కనపడలేదు. అందుకే ఇంకా భయం వేసింది.

"తెలుసు పెద్దమ్మా" అంది సైన్సక్క. "మీకు తెలిసింది, చాలు."

"పెద్ద టీచరుకు కూడా చెప్పాను. చేసి చూపించాను."

"ఆవిడేమన్నారు?"

"మీరు వచ్చాక మాట్లాడతారట."

సైన్సక్క తల ఊపింది. పెద్దమ్మ ఇంకేం చెయ్యాలో తెలియక సంచి అందుకోబోయింది. వద్దు పెద్దమ్మా, నేను మోస్తానంది సైన్సక్క. అయినా పెద్దమ్మ వినకుండా సంచి అందుకుంది.

ఇరవై ఆరేళ్ళుగా గంగాళాలు దించిన చెయ్యి అది. దేన్నైనా ఎత్తితే ఎంతమందికి సరిపోతుందో చెప్పగలదు. సంచి చూడడానికి ఒక పూట ప్రయాణానికి తెచ్చుకున్నట్టుంది. ఎత్తేసరికి భుజం కిందికి లాగేసింది. ఉన్ని కోటు, అద్దం, సబ్బుపెట్టె, పుస్తకాలు, శీతాకాలం, వానాకాలం, అన్నీ అందులోనే ఉన్నాయి. వచ్చిన రోజున ఈ అమ్మాయి రెండు సంచులతో వచ్చిందని పెద్దమ్మకు గుర్తొచ్చింది.

గేటు దాకా ఇద్దరూ నడిచారు. పిచ్చుక వాళ్ళ చుట్టూ తిరుగుతూ, వచ్చాక నీళ్ళలో పంచదార పాఠం చెబుతానన్నావు, మర్చిపోకు అంటూ ఉంది. సైన్సక్క మర్చిపోనంది.

బస్సు మలుపు తిరుగుతూ కనిపించింది. సైన్సక్క చెయ్యి చాచింది. పెద్దమ్మ సంచి ఇవ్వలేదు.

"బరువుగా ఉందమ్మా" అంది.

"చిన్న సంచే కదా పెద్దమ్మా."

"చూడ్డానికి చిన్నదే."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. సైన్సక్క ముందుగా చూపు దించుకుంది. నెమ్మదిగా పెద్దమ్మ వేళ్ళు ఒక్కొక్కటీ విడదీసి సంచి తీసుకుంది.

"నాలుగు రోజుల్లో వచ్చేస్తాను" అంది.

పెద్దమ్మ ఏప్రను జేబులో చెయ్యి పెట్టి, బ్రెడ్డు ముద్దను గట్టిగా పట్టుకుని నిలబడింది. పిచ్చుక బస్సు కనుమరుగయ్యేదాకా చెయ్యి ఊపింది.

సైన్సక్క మళ్ళీ రాలేదు. ఆ ఏడాది ఎండాకాలం సెలవులకు తొమ్మిది రోజుల ముందు, ఒక బుధవారం పొద్దున పదకొండు గంటల బస్సులో వెళ్ళింది. వంటపెద్దమ్మ చెల్లెలు అంతకు పదమూడేళ్ళ ముందు, వానలు మొదలైన వారంలో వెళ్ళింది. ఆమె కూడా రాలేదు.